సింహాసనపు మోటారు

కర్నూలు పట్టణమునకు కందనవోలు అని పూర్వనామము. తుంగభద్రకు ఆవలియొడ్డున నున్న ఆలంపురములో దేవాలయములు కట్టుకాలమున, రాళ్ళు మోయు బండ్లవారు నది దాటబోవుచు ఈ చోట నిలిచి, ఇరుసులకు కందెన పెట్టుకొనుచుండిరనియు, అందువలన ఈ యూరికి ఆ పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. నామచరిత్రము మాట యెట్లున్నను ఆ కథలో నొక సత్యము గలదు. చక్రము తిరుగవలెనన్న ఇరుసునకు చమురు కావలెను. బండి రాళ్ళను మోసినను, రాజును మోసినను ఈ నియమము మారదు. కావున బండ్లకు కందెన పెట్టిన యూరివారమైన మనము ఒక రాజుగారి బండిని గూర్చి విచారించుట అసంగతము కాదని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవు బండి హైదరాబాదు నగరమున చార్మినారునకు సమీపముననున్న చౌమహల్లా భవనములో నున్నది. అది రోల్సురాయిస్ కంపెనీవారి మోటారు. వారు దానికి పెట్టిన పేరు “నలువది ఏబది గుఱ్ఱముల బండి”. లోకము పెట్టిన పేరు “సిల్వర్ గోస్ట్”, అనగా వెండిభూతము. దీని రంగు పసుపుపచ్చన. పైకప్పు గుమ్మటమువలె గుండ్రముగా లేచియుండును. వెనుకభాగమున ప్రభువు కూర్చుండు పీఠము తక్కిన మోటార్లలోవలె గాక ఎత్తుగా, సింహాసనము రీతిగా నమర్పబడినది. అందుచేతనే దీనిని సింహాసనపు మోటారని వ్యవహరింతురు. ఇట్టి బండి మరియొకటి లేదు.

నేటి బాలురు సూపరుకారు అను మాటను తరచుగా పలుకుచున్నారు. బలమునందును, పనితనమునందును, వెలయందును సామాన్యమైన కార్లను మించి, ఎక్కడనో యొకటి కానవచ్చుదానికి ఆ పేరు పెట్టుదురు. ధనవంతులు అట్టి బండిని కొని, తమ యిష్టానుసారము దానికి మార్పులు చేయించుకొనుటయు నిప్పటి వాడుకయే. ఈ మాట వాడుకకు రాకముందే, నూఱేండ్లకు పైబడిన కాలమున, మన తెలుగుదేశపు నగరమునకు వచ్చిన ఈ బండి ఆ లక్షణములన్నిటిని కలిగియుండెను. అది యెట్లు పుట్టినది, ఎట్లు నడచును, ఎవరికొఱకు మార్చబడినది, తుద కేమైనది అను నాలుగు సంగతులను క్రమముగా వివరింతుము.

మొదట దానిని చేసినవారిని గూర్చి చెప్పుట న్యాయము. హెన్రీ రాయిస్ అను నతడు 1863-వ సంవత్సరమున ఇంగ్లాండులో నొక పల్లెయందు పుట్టెను. తండ్రికి పిండిమర యుండెను గాని అది నష్టపడగా కుటుంబము లండనునకు చేరెను. బాలునకు తొమ్మిదవ యేట తండ్రి గతించెను. అతడు వీధులలో వార్తాపత్రిక లమ్మెను. తంతివార్తల నింటింటికి మోసెను. అతడు బడిలో చదివిన చదువు మిక్కిలి స్వల్పము. పినతల్లి కొంత ధనమిచ్చుటచేత రైలుకంపెనీవారి కర్మాగారమున పని నేర్చుకొనుటకు చేరెను గాని, మూడేండ్లకే ఆ ధనము నిండుకొనుటచేత ఆ శిక్షణమును పూర్తిచేయలేకపోయెను. అట్టివాడు 1884-వ సంవత్సరమున మాంచెస్టరులో ఒక చిన్న దుకాణము పెట్టి విద్యుద్దీపములకు గావలసిన సామగ్రిని చేయ మొదలిడెను. కొంతకాలమునకు ఫ్రెంచివారు చేసిన మోటారు నొకదానిని కొని, దానిలోని లోపములను గమనించి, దానికన్న మేలైనది తానే చేయగలనని 1904-వ సంవత్సరమున మూడు బండ్లను చేసెను.

ఆ సంవత్సరము మే నెల 4-వ తేదిని మాంచెస్టరులోని ఒక హోటలునందు చార్లెసు రోల్సు అను నతడు రాయిసును కలిసికొనెను. రోల్సు ప్రభుకుటుంబమున పుట్టినవాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివినవాడు. మోటార్ల నమ్ము వ్యాపారి. పత్రికలమ్మిన బాలుడును, ప్రభువు కుమారుడును ఒక బల్లయొద్ద కూర్చుండి చేసికొన్న యొడంబడికవలన రోల్సురాయిస్ అను జంటపేరు పుట్టినది. రోల్సు 1910-వ సంవత్సరమున విమానము కూలుటచేత ముప్పదిరెండవ యేట మరణించెను. రాయిసు 1933 వఱకు జీవించి, సర్ బిరుదమును పొందియు, తాను యంత్రముల పనివాడననియే యెంచుకొనెను.

ఇక యంత్రము. మోటారు నడచు విధమును మన పొలములలోని కపిలబావితో పోల్చి చెప్పిన సులభముగా తెలియును. కపిల తోలునప్పుడు ఎద్దులు వాలుమీద దిగునప్పుడే బాన పైకి వచ్చును. అవి వెనుకకు నడచునప్పుడు నీరు రాదు. బాన నూతిలోనికి దిగి మరల నిండుటకు ఆ కాలము చెల్లును. మోటారు గొట్టములో నున్న పిస్టనును ఇట్లే. అది నాలుగు మాఱులు కదలును. మొదటి కదలికతో పెట్రోలు ఆవిరిని గాలిని కలిపి లోనికి పీల్చుకొనును. రెండవదానితో దానిని నొక్కిపెట్టును. అంతట నిప్పురవ్వ పుట్టి ఆ వాయువు భగ్గుమని మండి పిస్టనును బలముగా త్రోయును, ఇది మూడవది. నాలుగవదానితో మండిన పొగను వెలికి పంపును. నాలుగింటిలో బలమిచ్చునది ఒక్కటే. తక్కిన మూడును సిద్ధపఱచుటకే.

ఒకే గొట్టమున్న యంత్రము కావున కుదుపుచు, దడదడమని శబ్దము చేయుచు నడచును. ఒకే బావిమీద ఆరు కపిలలను కట్టి, ఒకటి దిగుచుండగా నొకటి యెక్కునట్లు వరుస తప్పక తోలినచో కాలువలో నీరు తెగక పాఱును గదా! సిల్వర్ గోస్టు నందు ఆరు గొట్టములు గలవు. వాటి బలపు త్రోపులు ఒకటి ముగియకముందే మరియొకటి ఆరంభమగునట్లు అమర్పబడినవి. అందువలన కుదుపు తగ్గి నడక ప్రవాహమువలె నుండును. అయితే ఆరు గొట్టములను మోయు ఇరుసుకడ్డీ పొడవగుటచేత అది మెలిపడి వణకుట యను చిక్కు కలదు. ఆ కాలమున ఆరు గొట్టముల యంత్రములు చేసిన పలువురు ఈ చిక్కును దాటలేకపోయిరి. రాయిసు ఆ కడ్డీని లావుగా చేయించి, ఏడు చోట్ల ఆధారములిచ్చి, గొట్టములను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా విడదీసెను. ఇంతేగాక ఆ కడ్డీలోపల రంధ్రములు తొలిపించి, చమురు ఒత్తిడిచేత ప్రతి కీలునకును తనంతట తానే పోవునట్లు చేసెను. కందనవోలు బండ్లవారు బండి నిలిపి చేసిన పనిని ఈ బండి నడచుచునే చేసికొనును.

ఈ తరగతి బండ్లలో 1907-వ సంవత్సరపు యంత్రము నిమిషమునకు 1,250 చుట్లు తిరిగి 48 గుఱ్ఱముల బలము నిచ్చెను. సుమారు 1910 నుండి దాని గొట్టముల కొలత ఏడు లీటరులనుండి ఏడున్నర లీటరులకు దగ్గఱగా పెంచబడెను. నేడు మన వీధులలో తిరుగు చిన్నకారు ఒక లీటరు గొట్టములతోనే అంతకన్న నెక్కువ బలము నిచ్చును. అట్లయిన దీని గొప్ప యేమి? గొప్ప బలములో లేదు, నెమ్మదిలో నున్నది. చిన్న యంత్రము నిమిషమునకు వేలకొలది చుట్లు తిరిగి బలమును తెచ్చుకొనును. ఇది పెద్దయెద్దువలె మెల్లగా అడుగువేయుచునే బరువును లాగును.

ఈ గుణమును లోకమునకు చూపుటకై కంపెనీవారు గొప్ప పరీక్షలు చేసిరి. వెండిరంగు పూసి, వెండిభూతమని పేరుపెట్టిన యొక బండిని 1907-వ సంవత్సరమున లండనునకును గ్లాస్గోకును నడుమ ఆదివారములు తప్ప రాత్రింబగళ్ళు మరల మరల నడిపిరి. అది యంత్రలోపముచేత నాగక 14,371 మైళ్ళు నడచెను. మొత్తము 15,000 మైళ్ళు తిరిగిన పిమ్మట బండిని విప్పి చూచి, అరిగిన భాగములను క్రొత్తవి వేయగా రెండు పౌనులు రెండు షిల్లింగుల చిల్లర మాత్రమే వ్యయమయ్యెను. ఆ యొక్క బండి పేరే పిదప ఆ తరగతి బండ్ల కన్నిటికిని వచ్చినది. మరల 1911-వ సంవత్సరమున మరియొక బండిని లండను నుండి ఎడింబరో వఱకు గేరు మార్చక, పై గేరుతోనే నడిపిరి. గాలను పెట్రోలునకు 24 మైళ్ళకు పైగా నడచిన ఆ బండియే పందెపుబాట మీద గంటకు 78 మైళ్ళ వేగమును చూపెను. మనిషి నడకంత మెల్లగాను, గుఱ్ఱపు పరుగును మించిన వేగముతోను ఒకే గేరుతో నడచుట సామాన్యము కాదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెను; సింహాసనపు మోటారునకు ఈ బండినే యేల యెన్నుకొనవలసి వచ్చెనో దీనివలన తెలియును.

ఆ కాలమున రోల్సురాయిస్ వారు పూర్తియైన బండిని అమ్మెడివారు కారు. చక్రములు, ఇరుసులు, యంత్రము, వీటిని మోయు ఉక్కుచట్రము మాత్రమే వారి పని. పైభాగమును కొనువాడు తన యిష్టము చొప్పున వేఱొక చోట కట్టించుకొనవలెను. ఇది మనకు క్రొత్తకాదు. మన పల్లెలలో వడ్రంగి చక్రములకు ఆకులు కూర్చును. కమ్మరి ఇనుపపట్టా కాల్చి తొడుగును. అదే బండిని ఒకరు చొప్ప తోలుటకు గూటములు పాతుకొందురు; ఒకరు పెండ్లివారిని తీసికొనిపోవుటకు వెదురుగూడు కట్టుకొందురు. క్రింది బండి యొక్కటియే. పైన గట్టిన గూడునుబట్టి దాని పని మారును. నిజాముగారి మోటారునకు గూడు కట్టినవారు లండనులోని బార్కరు కంపెనీవారు. వారు 1710-వ సంవత్సరమునుండి గుఱ్ఱపుబండ్లను కట్టుచు వచ్చిన పాతకాపులు. రెండు వందల యేండ్లు గుఱ్ఱముల బండ్లకు పెట్టిన చేతిపనిని వారు క్రొత్తయంత్రముమీద నిలిపిరి.

ఈ బండిని కోరినవాడు ఆరవ నిజామైన మీర్ మహబూబ్ ఆలీఖాన్ గారు. పసితనముననే 1869-వ సంవత్సరమున గద్దెకు వచ్చిన యీ ప్రభువు భోగప్రియుడని ప్రసిద్ధి. పురానీహవేలీ యందు ఆయన దుస్తులకై కట్టిన మిక్కిలి పొడవైన బీరువాను నేటికిని జనులు వింతగా చూచుచున్నారు. రాజులు ప్రజలకు దర్శనమిచ్చుటకు అంతవఱకు ఏనుగుమీది అంబారీయే సాధనము. అంబారీకి మూడు గుణములు గలవు: ఎత్తు, మందగమనము, నలువైపులవారికి కనబడుట. మోటారులో కూర్చున్న మనిషి క్రిందుగా గూడులో దాగును, రివ్వున పోవును. కావున మోటారును అంబారీగా మార్చవలెనన్న పీఠమును ఎత్తు చేయవలెను, కప్పును లేవనెత్తవలెను, యంత్రము ఏనుగునడకతో జనులమధ్య గంటలకొలది పోయినను కుదుపకుండవలెను, గర్జింపకుండవలెను. మొదటి రెండును బార్కరువారి వలన సాధ్యమయ్యెను. మూడవది రాయిసు యంత్రము వలననే సాధ్యము. ఇందుచేత నీ బండి మార్పులు కేవలము అలంకారము కొఱకు గాక, ఒక ప్రయోజనము నుద్దేశించి చేసినవని గ్రహింపవలెను.

పసుపురంగునకును కారణము కలదు. అది ఆసఫ్‌జాహీ వంశమువారి రంగు. ఆ వంశమూలపురుషుడైన నిజాముల్ముల్కునకు ఒక సాధువు పచ్చని గుడ్డలో మూటగట్టిన కుల్చా రొట్టెలను పెట్టెననియు, ఆయన యేడింటిని తినగా ఏడుతరములు ఏలుదురని ఆశీర్వదించెననియు ప్రతీతి. ఆ వంశపు పతాకముమీద పసుపురంగును, నడుమ రొట్టెను బోలిన గుండ్రని గుఱుతును ఉండెను. కథ సంగతి యెట్లున్నను ఆ వంశమున నిజాములు ఏడుగురే యైరి.

బండిని కోరిన ప్రభువు దానిలో నెక్కలేదు. మహబూబ్ ఆలీఖాన్ గారు 1911-వ సంవత్సరము ఆగస్టు 29-వ తేదిని, నలువదియైదవ యేట మరణించిరి. బండి ఆయన కుమారుడైన మీర్ ఉస్మాన్ ఆలీఖాన్ గారికి చెందెను. తండ్రి యెంతటి భోగియో కుమారుడు అంతటి మితవ్యయి. 1937-వ సంవత్సరమున అమెరికాలోని టైం పత్రిక తన ముఖపత్రముమీద ఆయన చిత్రమును వేసి లోకములో నందఱికన్న ధనవంతుడని చాటెను. అట్టివాడు ముతక బట్టలు కట్టి, పాతటోపీ పెట్టుకొని తిరిగెనని చూచినవారు వ్రాసిరి. సింహాసనపు మోటారు అరుదైన యుత్సవములందు మాత్రమే వెలికి వచ్చెను. దశాబ్దములకాలములో అది నడచినది కొన్ని వందల మైళ్ళే. దాని జాతి బండి యొకటి కొన్ని వారములలో పదునాలుగు వేల మైళ్ళు నడచిన సంగతిని దీనితో పోల్చి చూచుకొనుడు!

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఒక రాజుగారు రోల్సురాయిస్ దుకాణమునకు పోగా అవమానింపబడి, కోపముతో ఆ బండ్లను కొని చెత్త నెత్తుటకు పెట్టించెనను కథ మన ప్రాంతమున చాలమంది చెప్పుదురు. కొందఱు ఆ రాజు నిజామందురు. కొందఱు ఆళ్వారు మహారాజందురు. కొందఱు పటియాలా మహారాజందురు. ఒకే కథ మాటమాఱక పలువురు రాజుల కంటగట్టబడినప్పుడు అది జరిగినది గాక, జరిగియున్న బాగుండునని జనులు కల్పించుకొన్నది యని శంకింపవలెను. పరాయి ప్రభుత్వమున అవమానము లనుభవించిన జనులకు అట్టి కథ తృప్తి నిచ్చియుండును. చరిత్రమును చదువు బాలుడు కథవలన కలుగు తృప్తిని, దాని సత్యమును వేఱుపఱచి చూచుట నేర్చుకొనవలెను.

ఇక తలిదండ్రులు కొందఱు అడుగదగిన ప్రశ్న యొకటి యున్నది. ఒక మనుష్యుడు కూర్చుండుటకు ఇంతటి బండి యేల? అది యెవరి ధనము? కడప, బళ్ళారి, అనంతపురపు సీమలను, కర్నూలుసీమలో చాలభాగమును నిజాము 1800-వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారికి దత్తము చేసెను. కర్నూలు నవాబు పాలనము 1839-వ సంవత్సరమున ముగిసెను. కాబట్టి మన తాతలు కట్టిన శిస్తు ఈ బండికి పోలేదు. అది మద్రాసునకు పోయెను. కాని తుంగభద్ర కావలియొడ్డున ఆలంపురమునందును, ఇంకను పైసీమలందును మనవలెనే జొన్నలు పండించి, మనవలెనే వానకై ఎదురుచూచిన తెలుగు రైతులు నిజాము ఏలుబడిలో నుండిరి. నిజాముగారి స్వంతఖర్చులకు సర్ఫేఖాస్ అని ప్రత్యేకముగా భూములు విడువబడెను. అచ్చటి రైతు చెమటయే ఈ బండికి మూలధనమనుటలో అతిశయోక్తి లేదు. కఱవుసీమవారమైన మనము ఈ మాటను దాచిపెట్టి బండి సొగసును మాత్రము పొగడుట తగదు.

అయినను ఆ ప్రభుత్వమును ఈ యొక్క బండితోనే కొలుచుటయు న్యాయము కాదు. 1908-వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది జనులను పొట్టపెట్టుకొనగా, మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద నడ్డుటకు ఉపాయము నడిగిరి. ఆ మోక్షగుండము మన కర్నూలు ప్రాంతమున నుండిన గ్రామమే. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు అచ్చటినుండి మైసూరుసీమకు పోయిరి. ఆయన యాలోచనచొప్పున కట్టిన ఉస్మాన్‌సాగరము 1920-వ సంవత్సరమున పూర్తియై నగరమునకు త్రాగునీరిచ్చెను. మరియు 1932-వ సంవత్సరమున నిజాము రైల్వేవారి రోడ్డు శాఖ 27 బస్సులతోను, 166 మంది పనివారితోను ఆరంభమయ్యెను. తరువాతి కాలమున తెలుగువారి రాష్ట్రమునకు వచ్చిన గొప్ప బస్సు సంస్థకు ఆ శాఖయే విత్తనము. ఒకే ప్రభువు కాలమున ఒక మోటారు ఒక్కని మోయుటకు ఉండెను; ఇరువదియేడు మోటార్లు ఊరందఱిని మోయుటకు వచ్చెను. ఒక్కని మోసినది నడువక నిలిచిపోయినది. అందఱిని మోసినవి అరిగి, విఱిగి, ఇనుపతుక్కై పోయినను వాటి సంతతి నేటికిని మన కడప కర్నూలు బాటలమీద నడచుచున్నది. వీటిలో ఏది గొప్పదో చదువరులే నిర్ణయింతురు గాక!

రాజ్యములు పోవుటతో రాజుల బండ్లకును కష్టకాలము వచ్చెను. 1948-వ సంవత్సరము సెప్టెంబరు నెలలో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1953 మొదలు మూడేండ్లు మన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండి, 1956-వ సంవత్సరము నవంబరు 1-వ తేదిని ఆ గౌరవమును హైదరాబాదునకు అప్పగించెను. ఉస్మాన్ ఆలీఖాన్ గారు 1967-వ సంవత్సరమున గతించిరి. రాజభరణములు 1971-లో రద్దయ్యెను. వారి మనుమడైన ముకర్రంజా గారు ఆస్ట్రేలియాదేశమున నివసింపగా, ఇచ్చటి భవనములు మరమ్మతు లేక పాడువడెను. తోలువారు లేని మోటారు ఎండుటకు, త్రుప్పుపట్టుటకు ఎక్కువకాలము పట్టదు. ఇట్టి సమయమున దేశములోని రాజుల బండ్లు పలువిధములుగా చెదరిపోయెను. కలకత్తాలో ఒక దొర 1910-వ సంవత్సరమున హంస యాకారముతో చేయించుకొన్న మోటారు, ముక్కునుండి ఆవిరి చిమ్మునది, మొదట నాభా మహారాజుగారికి చేరి, తుదకు దేశము దాటి నేడు హాలెండులోని యొక ప్రదర్శనశాలలో నున్నది.

సింహాసనపు మోటారునకు ఆ గతి పట్టలేదు. ముకర్రంజాగారి పూర్వభార్యయైన ఎస్రాగారు పూనుకొని చౌమహల్లా భవనమును బాగుచేయించిరి. అది 2005-వ సంవత్సరమున జనులకు ప్రవేశము కల్పించెను. 2010-వ సంవత్సరమున యునెస్కోవారి పురస్కారము నందెను. బండియు మరమ్మతు పొంది, పసుపు వన్నెతో అచ్చట నిలుపబడినది. ఒకప్పుడు రాజబంధువులకు గాని దగ్గఱకు పోవుటకు వీలులేని యా బండిని, నేడు టిక్కెట్టు కొన్న కూలివాని బిడ్డయు చూడవచ్చును. రైతు చెమటతో పుట్టినది రైతుబిడ్డ కంటికి దక్కినది. ఇది మేలైన మార్పని మా యభిప్రాయము.

ఈ చరిత్రమునుండి మన విద్యార్థులును, వారి తలిదండ్రులును గ్రహింపవలసిన దొకటి గలదు. మన సీమలో బిడ్డకు చదువు వచ్చినచో వాని చేతికి మసి యంటరాదని తలచువారు మెండు. పదిమందిలో ఒకడు సర్కారు ఉద్యోగము పొంది, తొమ్మండుగురు అది రాలేదని వగచుచు కూర్చుండుట చూచుచున్నాము. మోటారు కార్ఖానాలో చేరుమన్న, లేత్ యంత్రము నేర్చుకొమ్మన్న, అది చదువు రానివాని పని యందురు. ఈ బండికి రూపమిచ్చిన రాయిసు అట్లనుకొన్నచో ఈ బండి యుండెడిది కాదు. పైకప్పును చేతితో వంచిన బార్కరువారి పనివాండ్ర పేర్లు ఏ ఫలకముమీదను లేవు. అయినను నూఱేండ్లు దాటిన పిమ్మట నిలిచియున్నది రాజుగారి అధికారము గాదు. ఆ పేరులేని పనివాండ్ర చేతిపనియే. సింహాసనము పోయినది, సింహాసనమును మోసిన చట్రము చెడలేదు.

కర్నూలునుండి హైదరాబాదునకు బస్సులో నాలుగైదు గంటల ప్రయాణము. కడపనుండి రాత్రి రైలెక్కిన తెల్లవారునప్పటికి చేరవచ్చును. సెలవులలో అచ్చటికి పోవు బాలబాలికలు ఈ బండియెదుట నిలిచినప్పుడు మెఱుగును చూచి తృప్తిపడక, వంగి చక్రముల ఆకులను చూడవలెను. ముందుభాగమున చేతితో త్రిప్పి యంత్రమును లేపు పిడికై వెదకవలెను. పీఠము ఎత్తెంత, జనులకు రాజు ఎంతదూరమునకు కనబడును అని లెక్క వేయవలెను. ఆ పిమ్మట బయటకు వచ్చి, బస్సునడుపు మనుష్యుడు ఏబదిమందిని ఎక్కించుకొని ఇరుకువీధిలో నెట్లు మలుపు త్రిప్పుచున్నాడో అదియు చూడవలెను. ఇంటికి వచ్చి తాము చూచినదానిని మాకు వ్రాసి యిచ్చిన బాలబాలికల వ్రాతలలో మేలైనదానిని వచ్చే సంచికకు పంపెదము.